సైకిళ్లకు చోటు

ఆ పొద్దున ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

గట్టు మీది గ్యాసు పొయ్యి మీద ఉజ్వల టీ పెట్టింది. కిటికీ కింద పీట వేసుకుని, చిన్న సిలిండరు పొయ్యి ముందు కూర్చుని ఆత్య తన టీ తాను పెట్టుకుంది. రెండు గిన్నెలూ ఒకేసారి పొంగాయి. ఇద్దరి చేతులూ ఒకే పట్టకారు మీదికి వెళ్లాయి. ఆత్య చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు మడిచి గిన్నె దింపుకుంది.

"కాలుతుంది ఆత్యా. పట్టకారు తీసుకోండి."

"అది మీ పట్టకారండీ. మీరే వాడుకోండి."

"ఒసే ఉజూ" అని తప్ప పిలవని నోట ఈ మీరు, అండీలు ఎప్పుడు పుట్టాయో! పెళ్లై వచ్చిన కొత్తలో ఇదే గట్టు దగ్గర నిలబెట్టి, వంకాయ కూరలో పల్లీపొడి ఎప్పుడు పడాలో నేర్పిన మనిషి. మొగుడి మీద అలిగి ముసుగు తన్నితే కంచం తెచ్చి ఒళ్లో పెట్టి, "అలగడానికైనా ఓపిక కావాలి, ముందు తిను" అన్న మనిషి.

ప్రమీలా ఆత్య ఉజ్వల మామగారికి స్వయానా చెల్లెలు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, తల్లి లేని మేనల్లుడు హేమంత్‌ను, అంటే ఉజ్వల మొగుణ్ణి, పెంచి పెద్ద చేసింది. పూణే కసబా పేటలో ఈ రాగిపనివాళ్ల వీధి మొదట్లో, పెళ్లిళ్లకిచ్చే సమాజ మందిరం గేటు పక్కన ఉన్న రేకుల చావడిలో చపాతీ కూర కట్టిచ్చే కొట్టు పెట్టుకుని, అన్న చెయ్యి చూడకుండా బతుకుతోంది. మొన్న ఆ చావడి తలుపు తీసేసరికి నేలంతా పసుపు రంగు సైకిళ్ల బొమ్మలు. పొయ్యి పెట్టే చోట ఒకటి, పిండి కలిపే చోట ఇంకొకటి. ఇక్కడ సైకిళ్లు నిలపాలని గీయించింది మందిరం కట్టడ సంఘం కార్యదర్శి. ఆ కార్యదర్శి ఉజ్వలే. ఆ సాయంత్రమే ఇంట్లో వేరు కుంపటి వెలిసింది.

మామగారు యశ్వంతరావు పేపరు చంకన పెట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. వీధికీ ఇంటికీ కూడా ఆయన నానాయే. మందిరానికి అధ్యక్షుడు. ఆయన ముందు కోడలు ఒక కప్పు పెట్టింది, చెల్లెలు ఒక కప్పు పెట్టింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నానా రెండూ తాగేశాడు. ఇన్నేళ్లుగా అధ్యక్షుడిగా ఊరికే నెగ్గుకొస్తున్నాడా మరి!

"ఏం పమీ, ఎన్నాళ్లీ భాగోతం?" అన్నాడు మూతి తుడుచుకుని.

"ఇవాళ్టితో సరి దాదా. రేపు పొద్దున టెంపో వస్తోంది. ఊరి చివర ధాయరీలో గది చూసుకున్నాను."

"అబ్బో. ముహూర్తం కూడా పెట్టించావా?"

"దసరాకి ముహూర్తమేంటి? ఏ పనికైనా మంచిదేగా. పొలిమేర దాటే పండగ కూడాను."

నానా కప్పు నేల మీద టంగుమనిపించాడు. "రేపు వీధిలో నేను తలెత్తుకోవాలా వద్దా? సొంత చెల్లెల్ని గెంటేశాడంటారు!"

"ఎవరు గెంటారు? రంగు పూశారంతే."

"విన్నావా కోడలా?" ఆయన ఉజ్వల వైపు తిరిగాడు. "నీ హరిత భవనం సర్టిఫికెట్ వచ్చేలోగా నా భవనం కూలేట్టుంది."

"సర్టిఫికెట్ రావాల్సిందేనని సభలో బల్ల గుద్దింది మీరే నానా."

"గుద్దాను. గుద్దితే? సర్టిఫికెట్ తెమ్మన్నాను గానీ చెల్లెల్ని పంపమన్నానా?"

"డ్రాయింగ్ మీద సంతకం కూడా పెట్టారు."

"కళ్లజోడు లేకుండా పెట్టాను!"

ఆత్య ఇవేవీ విననట్టే పెనం, చపాతీ పీట, కర్ర, గరిటె తోమి తుడిచి సంచిలో సర్దుకుంది. తలుపు దబాలున వేసుకుని పోయినా బాగుండేది. చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్లింది. ఉజ్వలకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

*

ఏడాది పొడుగునా రాగి బిందెల మీద సుత్తుల మోతతో చెవులు చిల్లులు పడే వీధి అది. నవమి నాడు మాత్రం పిచ్చుకల కూతలు వినబడతాయి. సుత్తులూ, దాగళ్లూ, కొలుములూ పసుపు కుంకుమలతో, బంతిపూలతో దేవుడి ముందు కూర్చుంటాయి. దసరా పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని ఎవరూ ముట్టరు. ముడితే ఏమవుతుందని ఎవరైనా అడిగితే వీధి వీధంతా ఆ అడిగినవాణ్ణి వింతగా చూస్తుంది.

ఉజ్వల బ్యాంకు గుమాస్తా కూతురు. ఆ ఇంట్లో నవమి నాడు పూజలో పెట్టేది ఒక పెన్ను. సాయంత్రానికి ఆ పెన్నుతోనే పాలవాడి లెక్క రాసేవారు. అందుకే, నవమి నాడు పెళ్లిళ్లు ఉండవు, మందిరం ఖాళీగా ఉంటుంది, ఆ రోజే సైకిళ్లకు తాళం వేసే ఇనుప కడ్డీలు అతికించేద్దాం అని వెల్డింగు దత్తూకి కబురు పెట్టింది. దసరా మర్నాడే సర్టిఫికెట్ కోసం భవనం పరీక్షకు వచ్చే మేడమ్ దిగుతుంది. ఎంత తెలివైన ఏర్పాటని మురిసిపోయింది కూడా.

దత్తూ వచ్చాడు. కొత్త చొక్కా, నుదుట కుంకుమ, చేతిలో కోవా పేడాల పొట్లం.

"మిషనేది దత్తూ?"

"పూజలో ఉంది వదినా."

"మరి పనెలా చేస్తావు?"

"పనా?" దత్తూ నిజంగానే నోరు తెరిచాడు. "ఇవాళ రమ్మన్నారు గానీ పని చెయ్యమన్నారని నేననుకోలేదు. నవమి నాడు పనెవరైనా చెప్తారా? బయానా మాట్లాడ్డానికి పిలిచారనుకున్నా. పేడా తీసుకోండి."

ఉజ్వల పేడా చేతిలో పట్టుకుని చావడి వైపు చూసింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొయ్యి పెట్టే చోట, సరిగ్గా పసుపు సైకిల్ బొమ్మ మీద ముగ్గు, ముగ్గు మీద పీట, పీట మీద పెనం, చపాతీ కర్ర, గరిటె. అన్నిటికీ బంతిపూలు. దీపం వెలుగుతోంది. పక్కనే గోడకు ఆత్య కొట్టు బోర్డు. "చపాతీ గుండ్రంగా లేదనువారు ఇంట్లో చేసుకొనవలెను. ఒంటిగంట నుండి నాలుగు వరకు పిలిచినా పలకబడదు." పూణేలో ఏ కొట్టుకైనా ఇంత మర్యాద మామూలే.

"ఇవి కాస్త పక్కకు జరిపితే, కనీసం కొలతలైనా వేసుకుంటావా?"

దత్తూ రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్నడక్కండి వదినా. పూజలో ఉన్న పెనాన్ని ముట్టుకుంటే మా అమ్మ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. రేపు ఉద్వాసన కాగానే వచ్చేస్తా." పేడా పొట్లం ఆమె చేతిలో పెట్టి మరీ పారిపోయాడు.

అప్పుడే హేమంత్ స్కూటరు దిగాడు. బడిలో లెక్కలు చెప్తాడు. ఇంట్లో మాత్రం ఏ లెక్కా తేల్చడు. చావడిలోని దీపం వైపు చూశాడు.

"ఇంకెక్కడా చోటే దొరకలేదా నీకు?"

"వెతకలేదనుకున్నావా? నేలమాళిగలో పెడదామంటే మెట్లున్నాయి, సైకిల్ దింపలేరు, చెల్లదన్నారు సర్టిఫికెట్టువాళ్లు. వెనక పెడదామంటే గుమ్మానికి దూరం, పైన కప్పు లేదు, చెల్లదన్నారు. గుమ్మం దగ్గరే ఉండాలి, నేల మట్టంగా ఉండాలి, వానకు తడవకూడదు, చట్రాన్ని కడ్డీకి తాళం వేసుకునేట్టుండాలి. ఇంకేది తగ్గినా మార్కులు పోతాయంతే. ఇది లేకపోతే సర్టిఫికెట్టే లేదు. నేను పెట్టిన రూలా?"

"ఈ వీధిలో సైకిల్ తొక్కేదెవరు అసలు?"

"పేపరువాళ్లు, పాలవాళ్లు, హాస్టల్ పిల్లలు."

"వాళ్లంతా ఎందుకొస్తారిక్కడికి?"

ఆత్య చపాతీల కోసమే వస్తారని ఇద్దరికీ తెలుసు.

"భలే ఉంది," అన్నాడు హేమంత్. "తినేవాళ్ల బండికి నీడ, వండే మనిషికి ఎండ."

"వెటకారం ఎవరైనా చేస్తారు. చోటు చూపించు."

హేమంత్ చూపు అతనికి తెలియకుండానే మందిరం పోర్టికో మీదికి వెళ్లింది. ఆమె చూపూ అక్కడికే వెళ్లింది. గుమ్మం పక్కనే, నేల మట్టంగా, పైన చక్కటి కప్పుతో విశాలమైన చోటు. అందులో నానాగారి మీగడ రంగు కారు, బంతిపూల దండతో, పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ఇంటి దగ్గర వీధిలో కారు పట్టదు. అధ్యక్షుడైన నాటి నుంచి దాని మకాం ఇక్కడే. పెళ్లివారు వచ్చినా అది కదలదు, వధూవరులే దాని చుట్టూ తిరిగి లోపలికి వెళ్తారు.

"నువ్వు చెప్పు మీ నాన్నకి," అంది ఉజ్వల.

"కార్యదర్శివి నువ్వు."

"కొడుకువి నువ్వు."

ఇద్దరూ కారు వైపే చూస్తూ నిలబడ్డారు.

"డ్రాయింగ్ గీయించేటప్పుడే అనాల్సింది ఈ మాట," అన్నాడు హేమంత్ చివరికి.

"అని ఉంటే ఆ కుర్చీలో ఒక్క రోజు ఉండనిచ్చేవారా నన్ను? ఈ వీధిలో ఆడది ఆ కుర్చీ ఎక్కడం ఇదే మొదలు. ఎంత గోల చేశారో మర్చిపోయావా? అంతమంది మగవాళ్ల మధ్యలో లేచి నిలబడి, మా కోడలే ఉండాలని గొంతు చించుకుంది ఎవరనుకున్నావ్..."

మాట సగంలో ఆగిపోయింది. ఎవరో ఇద్దరికీ తెలుసు. హేమంత్ స్కూటరు తాళంచెవి జేబులో వేసుకుని ఇంటి వైపు నడిచాడు.

*

ఒంటిగంట దాటాక ఉజ్వల మళ్లీ వచ్చింది. కొట్టు ఎలాగూ మూసే ఉంది. ఆత్య గుమ్మంలో గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఖాళీగా ఉండడం ఉజ్వల ఎప్పుడూ చూడలేదు. అవి కూడా పూజలో పెట్టేసినట్టు ఉన్నాయి.

ఉజ్వల పక్కనే కింద కూర్చుంది. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కట్టుకుంటూనే వచ్చింది.

"పిలిచినా పలకబడదని బోర్డుంది," అంది ఆత్య.

"పలకొద్దు. వినండి చాలు. వెళ్లొద్దు ఆత్యా. కొట్టుకి వెనక వైపు షెడ్డు వేయిస్తాను. పంపు పెట్టిస్తాను. సంఘంలో తీర్మానం..."

"వెనక వైపు ఎవరొస్తారు చపాతీకి? పిల్లులా?"

"అయితే ఇక్కడే ఒక మూల..."

"ఏ సైకిల్ బొమ్మ చెరిపి?"

వీధిలో ఎక్కడో ఎవరింట్లోనో తీపి శ్రీఖండ్ కోసం పెరుగు మూట కట్టి వేలాడదీస్తున్నారు, నీళ్లు గిన్నెలో పడుతున్న చప్పుడు కూడా వినబడుతోంది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు." ఆత్య ఈసారి ఆమె మొహంలోకి చూసింది. మీరు పోయింది, అండీ పోయింది. అయినా ఉజ్వలకు ఊరట కలగలేదు. "ఆ ఇంజినీరు పక్కన కూర్చుని, ఇదిగో ఇక్కడ సైకిళ్లు అని వేలు పెట్టి చూపించావు కదా. అప్పుడు నేనెక్కడికి పోతాననుకున్నావు?"

ఉజ్వల నోరు తెరిచింది. అబద్ధాలు చాలానే ఉన్నాయి. వేరే చోటు ఇప్పిద్దామనుకున్నానని అనొచ్చు. ఈ వయసులో విశ్రాంతి తీసుకుంటారనుకున్నానని అనొచ్చు. మీతో మాట్లాడే లోపలే రంగువాళ్లు వచ్చేశారని కూడా అనొచ్చు.

"అనుకోలేదు ఆత్యా."

"ఏమీ?"

"ఏమీ అనుకోలేదు. గేటు పక్కన కప్పున్న చోటు అని చూశాను. ఖాళీ అని రాయించాను."

ఆత్య తల పంకించింది. కోపం కూడా రాలేదు ఆమెకు. "అదే. పగతో గీయించి ఉంటే జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. నీతో పోట్లాడడం నాకేం కొత్త? కానీ నీకు నేను గుర్తే రాలేదు. గుర్తు రానిదాన్ని ఆ ఇంట్లో ఎలా ఉండను, చెప్పు?"

"తప్పు చేశాను."

"తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. మర్చిపోతే ఏం దిద్దుతావు?"

ఉజ్వల ఆమె చెయ్యి పట్టుకుంది. ఆత్య విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. కాసేపటికి దీపంలో నూనె అయిపోతోందని లేచి లోపలికి వెళ్లింది.

*

దసరా పొద్దున టెంపో అనుకున్న వేళకే వచ్చింది. ఈ ఊళ్లో వేళకు వచ్చే టెంపో ఇదొక్కటే అయి ఉండాలా!

ఆత్య పీట మీద అక్షతలు వేసి ఉద్వాసన చెప్పింది. పెనం తీసి కళ్లకద్దుకుని సంచిలో పెట్టింది. హేమంత్ పొయ్యి, సిలిండరు, పిండి డబ్బాలు ఒక్కొక్కటే ఎక్కించాడు. చిన్నప్పుడు ఆ పిండి డబ్బా మీదే కూర్చుని ఎక్కాలు వల్లించినవాడు. ఇప్పుడు దాన్ని మోస్తూ ఒక్కసారి కూడా తలెత్తలేదు. వీధిలో జనం చేతుల్లో దసరా ఆకులు పట్టుకుని, "బంగారం తీసుకోండి, బంగారంలా ఉండండి" అనుకుంటూ ఒకరికొకరు పంచుకుంటున్నారు. ఆత్య దగ్గరకు వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గుతున్నాయి.

నానా పట్టుపంచె కట్టుకుని, పోర్టికోలో కారు పక్కన నిలబడి ఎవరు ఆకు ఇస్తే వాళ్ల దగ్గర తీసుకుంటున్నాడు. చెల్లెలు వచ్చి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయాడు. "జాగ్రత్త," అని మాత్రం అన్నాడు.

ఉజ్వల వంగి ఆత్య పాదాలు ముట్టుకుంది. "బంగారంలా ఉండు," అంది ఆత్య, అందరితో అన్నట్టే అంది. డ్రైవరు పక్క సీటులో ఎక్కి సంచి ఒళ్లో పెట్టుకుంది. ఇంజను మొదలైంది. పాత టెంపో, వీధంతా అదిరింది.

సరిగ్గా అప్పుడు దాని వెనక ఒక ఆటో ఆగి, భుజాన సంచి, మెడలో గుర్తింపు కార్డుతో ఒకావిడ దిగింది. పరీక్షకు రావాల్సిన రిజ్వీ మేడమ్. లక్నో వైపు మనిషి.

"రేపు నాసిక్‌లో ఇంకో భవనం తగిలించారు," అంది నవ్వుతూ. "ఇవాళే చూసేసుకుంటే సరిపోతుందని వచ్చా. పండగ పూట ఇబ్బంది పెడుతున్నానా?"

"ఎంత మాట! పండగ పూట అతిథి వస్తే లక్ష్మి వచ్చినట్టే." నానా పంచె సర్దుకుని ఎదురెళ్లాడు. దత్తూ కూడా అప్పుడే మిషను భుజాన వేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడిపోయాడు.

మేడమ్ తిన్నగా చావడిలోకి వెళ్లింది. పసుపు బొమ్మలు చూసింది. కడ్డీలు లేకపోవడం చూసింది. గోడ మీద ఏళ్ల నాటి మసి చూసింది, పీట ఉన్న చోట ఇంకా చెరగని ముగ్గు చూసింది. చేతిలోని డ్రాయింగ్ ఒకసారి విప్పింది.

"ఇందులో ఖాళీ స్థలం అని ఉంది. ఇక్కడెవరో వంట చేస్తున్నట్టున్నారే?"

"ఆ... ఎవరో వంటావిడండీ," అన్నాడు నానా. "తాత్కాలికంగా ఉండేది. ఖాళీ చేసేసింది."

హేమంత్ చేతిలోని ఆకులు కింద పడ్డాయి. ఉజ్వల టెంపో వైపు చూసింది. ఆత్య ఎదుటి అద్దంలోంచి వీధి మలుపు వైపే చూస్తోంది. ఇంజను మోతలో అన్న మాట ఆమెకు అందిందో లేదో తెలియలేదు. అందకూడదని ఉజ్వల గట్టిగా కోరుకుంది. మరుక్షణంలోనే, తాను అనబోయేది మాత్రం అందాలని కోరుకుంది.

"ఎవరో కాదు మేడమ్," అంది. "మా ఆత్య. మా ఇంటి మనిషి. ఏళ్ల తరబడి ఇక్కడే వండుతోంది. ఇక్కడికి సైకిల్ మీద వచ్చేవాళ్లంతా ఆవిడ కోసమే వస్తారు. డ్రాయింగ్ తప్పు. ఖాళీ అని తప్పు రాయించింది నేనే."

"కోడలా!" నానా గొంతు పోర్టికో కప్పుకు తగిలి తిరిగొచ్చింది.

రిజ్వీ మేడమ్ డ్రాయింగ్ మడిచింది. "తప్పయితే నేనిది ఒప్పుకోలేనమ్మా. మరి సైకిళ్లకు చోటేది?"

ఉజ్వల చెయ్యెత్తి చూపించింది. అందరూ అటు తిరిగారు. బంతిపూల దండతో మీగడ రంగు కారు పోర్టికోలో మెరుస్తోంది.

"చోటు బాగానే ఉంది," అంది మేడమ్. "ఆ కారెవరిది?"

హేమంత్ తండ్రి వైపు చూశాడు. నానా మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చేతిలో చెల్లెలు పెట్టిన ఆకు అలాగే ఉంది. పెదవులు కదిలాయి గానీ మాట బయటకు వచ్చిందో, టెంపో మోతలో కలిసిపోయిందో వీధిలో ఎవరికీ తెలియలేదు.

ఆత్య కిటికీలోంచి తల బయటకు పెట్టింది. డ్రైవరు భుజం తట్టింది.

"ఒక్క నిమిషం ఇంజను ఆపు బాబూ. మా అన్నయ్య ఏమంటున్నాడో వినబడట్లేదు."